ఆయా దాచిన ఫైలు

మధ్యాహ్నం మూడైంది. తల్లి మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కూతురు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడింది.

"అబద్ధం ఆడకమ్మా. ఆ సంతకం నీదే."

"ఏ సంతకం?"

"రికార్డు గదిలో పుస్తకం తీయించాను. పదిహేడేళ్ళ కిందటి పుస్తకం. ఆ గుమాస్తా దుమ్ము దులిపి, దగ్గి, నన్ను నాలుగు తిట్టుకుని మరీ వెతికాడు. నా పేరుంది. ఆపరేషన్ తేదీ ఉంది. పక్కన 'ఫైలు తీసుకున్నవారు' అని రాసి, కింద నీ వంకర సంతకం ఉంది."

"వంకర సంతకాలు లోకంలో నా ఒక్కదానికేనా?"

"సంతకం పక్కన 'ఆయా, కాన్పుల వార్డు' అని కూడా ఉంది."

"చెప్పులు విప్పి లోపలికి రా. ఇప్పుడే తుడిచాను."

"అమ్మా!"

"మంచినీళ్ళు తాగుతావా?"

"నీళ్ళు నమలకు. ఫైలెక్కడ?"

"పదిహేడేళ్ళ కిందటి కాగితాలతో రేపటి ఆపరేషన్‌కి ఏం పనే?"

"పొద్దున ఫోన్లో చెప్పాను గదా. మళ్ళీ చెబుతాను, విను. ఆడదానికి రెండు అండాశయాలుంటాయి..."

"నాకు చెబుతున్నావా? ఇరవై ఆరేళ్ళు ఆ వార్డులో చాకిరీ చేశాను."

"అయితే మరీ సులువు. నాకు కుడి వైపుది అప్పుడే తీసేశారు. ఇప్పుడు ఎడమ వైపు తిత్తి వచ్చింది, నారింజకాయంత. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆపరేషన్. అప్పుడు తీసింది ఏ రకం తిత్తో తెలిస్తే ఇప్పుడేం చెయ్యాలో తేలుతుందంది డాక్టరమ్మ. అది మామూలు రకమైతే, ఈసారి తిత్తిని మాత్రం ఒలిచి తీసేసి అండాశయాన్ని వదిలేస్తుంది. చెడ్డ రకమైతే మొత్తం తీసేస్తుంది."

"కాగితం లేకపోతే?"

"కాగితం లేకుండా తను ధైర్యం చెయ్యలేనంది. మొత్తం తియ్యడానికి నాకిష్టమేనని సంతకం పెట్టమంది. పెట్టలేదు. సాయంత్రం ఆరింటి దాకా గడువిచ్చింది."

"పెట్టెయ్యరాదూ?"

"ఏమన్నావ్?"

"పెట్టెయ్. పోతే పోయింది. ప్రాణం కంటేనా?"

"అది కూడా పోతే ముప్ఫై మూడేళ్ళకే నెలసరి ఆగిపోతుందమ్మా. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు గుల్లబారడం, అన్నీ ఇప్పుడే మొదలవుతాయి. పిల్లల మాట సరేసరి. మొన్నటిదాకా పిల్లలెప్పుడు, పిల్లలెప్పుడు అని నా ప్రాణం తీసింది నువ్వు కాదూ?"

"అంటే... మళ్ళీ ఒకళ్ళు కావాలని ఉందా నీకు?"

"మళ్ళీ ఏంటి? మొదటివాళ్ళేరీ?"

"ఏదో నోరు జారింది. ఆ దుప్పటి ఇటందుకో."

"దుప్పటి తర్వాత. ఫైలు."

"కాల్చేశాను."

"ఎప్పుడు?"

"అప్పుడే."

"ఎక్కడ?"

"పెర... పొయ్యిలో."

"నువ్వా? నా ఒకటో తరగతి పలక పగిలితే ముక్కలు గుడ్డలో మూటకట్టి దాచినదానివి. మందుసీసాల మూతలు దాస్తావు. నువ్వు ఆసుపత్రి కాగితాలు కాల్చావంటే నమ్మమంటావా? నా చెవిలో పువ్వు పెట్టకు. పెట్టెలోనే ఉంది. తాళంచెవి ఇలా ఇవ్వు."

"పెట్టె జోలికి వెళ్ళకు."

"ఎందుకు?"

"వెళ్ళకన్నానా."

"అమ్మా, ఆ చీర మూడోసారి విప్పి మడతపెడుతున్నావు."

"మడత సరిగ్గా రాలేదు."

"పొద్దున ఫోన్లో బాగానే ఉన్నావు గదా. ఇందాక నేను రికార్డు గది అన్నప్పటి నుంచి నీ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏముంది ఆ ఫైల్లో?"

"ఒక పని చేస్తాను. ఫైలంతా ఒక కవర్లో పెట్టి జిగురంటించి ఇస్తాను. నువ్వు విప్పనని, చదవనని మాటివ్వు. తిన్నగా డాక్టరమ్మ చేతిలో పెట్టు. మీ ఆయన కంట మాత్రం పడనివ్వకు."

"ఆయనేం చేశారు మధ్యలో?"

"కాపురం కూలిపోతుంది."

"కడుపులో గడ్డ తీసిన కాగితం చూస్తే కాపురం కూలుతుందా?"

"గడ్డ. ఆఁ. అలాగే అను. నేనూ ఊరందరితో గడ్డనే చెప్పాను. మీ నాన్న పోయేదాకా ఆయనతోనూ గడ్డనే చెప్పాను."

"గడ్డ కాక మరేంటి?"

"నీకు తెలీదా?"

"నాకేం తెలుసు? పదహారేళ్ళు నాకప్పుడు. బడి నుంచి వస్తుంటే సందు మొదట్లోనే కడుపులో కత్తి పెట్టి తిప్పినట్టు నొప్పి. అప్పుడు మనింట్లోనే ఉండేవాడు గదా నీ తమ్ముడు, మావయ్య నన్ను భుజాన వేసుకుని పరిగెత్తడం గుర్తుంది. అచ్చాఫీసు నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, చొక్కా అంతా సిరా వాసన. మత్తుసూది ఇచ్చారు. లేచేసరికి కుట్లున్నాయి. మావయ్య లేడు."

"వాడి సంగతి ఇప్పుడెందుకు?"

"నేనెత్తినప్పుడల్లా ఇదే మాట."

"నువ్వెత్తినప్పుడల్లా ఇదే జవాబు. నిజంగానే నీకేమీ తెలీదా?"

"తెలీదు."

"సరే. తెలీదనే అనుకుందాం. ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటూ బతికాం గదా, ఇద్దరం."

"ఎవరిద్దరం? నేనేం అనుకోలేదు. అమ్మా, నాకు భయమేస్తోంది. నిజం చెప్పు. క్యాన్సరా?"

"ఛ! కాదు."

"క్యాన్సరై, నాకు తెలిస్తే తట్టుకోలేనని దాచావా?"

"క్యాన్సరైతే దాచడమెందుకే? వార్డంతా వినపడేలా గుండెలు బాదుకుని ఏడ్చేదాన్ని. ఏడ్చే వీలు కూడా లేనిది అది."

"ఏంటో నీ మాటలు. నిన్న స్కాను చేసేటప్పుడు నాకింత భయమెయ్యలేదు. నిజం చెప్పాలంటే నవ్వొచ్చింది కూడా. డాక్టరమ్మ తెర మీద చూపించి, 'ఇదిగో, ఈ గీతలు గీతలుగా ఉన్నవి వెంట్రుకలు. ఈ తెల్లగా మెరుస్తున్నది పన్నయి ఉంటుంది' అంది."

"ఏమంది?"

"వెంట్రుకలు, పన్ను. తిత్తి లోపల."

"మళ్ళీ చెప్పు."

"అబ్బ, వెంట్రుకలు. పన్ను. అలాంటి తిత్తులు కూడా ఉంటాయట. వాటికి డెర్మాయిడ్ అనో ఏదో పేరుంది."

"నీ కడుపులోనా? ఇప్పుడా?"

"ఇప్పుడే. ఎడమ వైపు. ఎందుకలా చూస్తావు?"

"ఎవరిది?"

"ఏది?"

"ఆ పన్ను. ఆ పన్ను ఎవరిదే?"

"నా ఒంట్లో ఉంటే ఇంకెవరిది, నాదే."

"మీ ఆయనకి చెప్పావా?"

"చెప్పాను. 'లోపల కూడా కొరకడానికి సిద్ధంగా ఉన్నావన్నమాట' అని నవ్వారు."

"నవ్వాడా?"

"నవ్వరా మరి? ఆయనకీ దానికీ ఏం సంబంధం? మగాడి ప్రమేయమే లేదమ్మా దానికి. పుట్టుకతోనే మన ఒంట్లో ఉంటుందట. అండాశయంలో ఉండే కణాలకి చర్మం, జుట్టు, పళ్ళు అన్నీ తయారుచేసే శక్తి ఉంటుందట. ఒక్కోసారి వాటిలో ఒకటి దారి తప్పి, తనంతట తనే ఏది పడితే అది చేసుకుంటూ పోతుంది. అదంతా ఒక సంచిలో ఏళ్ళ తరబడి పెరుగుతుంది. చాలామందికి ఉన్నట్టే తెలీదట. వేరే దేనికో స్కాను తీస్తే బయటపడుతుందట. చిన్నపిల్లలకీ వస్తుంది, ముసలాళ్ళకీ వస్తుంది."

"పెళ్ళికాని పిల్లలకి?"

"వస్తుంది."

"మగాడు ముట్టుకోని పిల్లకి?"

"వస్తుందమ్మా. అదే గదా చెబుతున్నా."

"ఒట్టు?"

"ఒట్టే. కావాలంటే డాక్టరమ్మతో మాట్లాడిస్తాను."

"కాళ్ళూ చేతులూ ఉండవా?"

"ఉండవు."

"ప్రాణం?"

"జుట్టుకీ కొవ్వుకీ ప్రాణమేంటి? అదేం బిడ్డ కాదు."

"బిడ్డ కాదు."

"కాదు."

"బిడ్డ కాదా?"

"ఎన్నిసార్లు చెప్పాలి? అమ్మా, ఏమైంది? ఎందుకలా గోడకి జారబడిపోయావు? నీళ్ళు తేనా?"

"పెరటి తలుపు వెయ్యి."

"ఎందుకు? పెరట్లో ఎవరున్నారని?"

"ఎవరూ లేరు. ఎవరూ... ఎవరూ లేరా అయితే?"

"నన్ను చంపకు. ఏంటిది? ఎవరు లేరు?"

"ఆ రోజు నాకూ చూపించారు."

"ఏం చూపించారు?"

"నీలోంచి తీసింది. అక్కడ అదే పద్ధతి. లోపల ఏది తీసినా ట్రేలో పెట్టి, బయటున్న వాళ్ళకి చూపిస్తారు, తర్వాత గొడవ రాకుండా. పెద్ద డాక్టరుగారు తలుపు సగం తెరిచి నన్ను పిలిచారు. గుడ్డ తీశారు. నల్లగా కమిలిపోయి ఉంది, కోసి ఉంది. అందులోంచి జుట్టు. పొడుగు జుట్టు, తడిసి ముద్దయి. పక్కన ఓ పన్ను, తెల్లగా."

"డాక్టరేమన్నాడు?"

"'చూశావా?' అన్నారు. 'చూశానండీ' అన్నాను. 'ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదు' అన్నారు. వెళ్ళిపోయారు."

"ఇదేంటని అడగలేదా?"

"ఆయా పెద్ద డాక్టర్ని నిలదీస్తుందా? అయినా అడగడానికేముంది, అప్పటికే తొమ్మిదేళ్ళు ఆ ట్రేలు కడిగిన చేతులివి. నెలలు నిండకుండా పోయినవి ఎన్ని చూశానో లెక్కలేదు. వేరేవాళ్ళయితే 'ఇదేంటండీ బాబూ' అని కెవ్వుమని అరిచేవాళ్ళు. డాక్టరుగారు విప్పి చెప్పేవారు. నేను నాకంతా తెలుసనుకున్నాను. తెలిసినట్టే తలూపాను."

"కడుపులో బిడ్డకి పన్నుంటుందా అమ్మా?"

"పన్నుతో పుట్టినవాళ్ళని ఇద్దర్ని చూశాను. నా చేతులతో తుడిచాను."

"అంటే నువ్వు... ఆగు. అంటే నాకు... పదహారేళ్ళకి..."

"నాలుగు నెలలు నీకు నెలసరి రాలేదు."

"ఆ వయసులో ఎంతమందికి క్రమం తప్పదు!"

"పొట్ట ఎత్తుగా కనపడింది. అంతకు ముందు వారం లంగా బొందు వదులు చేసింది నేనే."

"తిత్తి పెరిగింది!"

"వాంతులయ్యాయి."

"తిత్తి బరువుకి తొడిమ మెలి తిరుగుతుందమ్మా, లోపలికి నెత్తురు ఆగిపోతుంది, అందుకే ఆ నొప్పి, ఆ వాంతులు. అందుకే నల్లబడింది. నిన్న డాక్టరమ్మ అదే చెప్పింది, ఇప్పుడు కూడా అలా మెలిపడకముందే తీసెయ్యాలంది."

"నిన్న నీకు చెప్పింది. ఆ రోజు నాకు చెప్పే డాక్టరమ్మ లేదే."

"పదిహేడేళ్ళు! పదిహేడేళ్ళ పాటు నేను బిడ్డని... ఒక్కసారి అడగాలనిపించలేదా నీకు?"

"రోజూ అనిపించేది. నీకు జడ వేస్తూ అడుగుదామనుకునేదాన్ని. ఔనంటావేమోనని భయం. కాదంటే, నా కళ్ళతో చూశాక కూడా అబద్ధమాడుతోందే అని నిన్ను కొడతానేమోనని భయం. అడక్కపోతే నువ్వు నా పిల్లగానే ఉంటావు గదా అని ఊరుకున్నాను."

"అందుకేనా ఆ తర్వాత నన్నెప్పుడూ తిట్టలేదు? పాలగిన్నె బోర్లించినా కసరలేదు. అమ్మకి నేనంటే ఎంత ప్రేమో అని స్నేహితులతో గొప్పలు చెప్పుకునేదాన్ని. నువ్వు జాలిపడ్డావన్నమాట."

"ప్రేమా ఉంది. జాలీ ఉంది. అసహ్యం కూడా వచ్చేది ఒక్కోసారి. తల్లిని, ఉన్నమాట చెబుతున్నాను."

"పెరట్లో ఎవరూ లేరా అన్నావు ఇందాక."

"ఏమీ లేదు."

"అమ్మా."

"ల్యాబులో పరీక్ష చేశాక, మందునీళ్ళ సీసాలో మూడు వారాలుంచి పారేస్తారు. ల్యాబు నుంచి వార్డులకి కవర్లు మోసేది మేమే. ఆ రోజు నీ కవరు నా చేతికే వచ్చింది. సీసా చెత్తలో వెయ్యడానికి పక్కన పెట్టి ఉంది. నా కూతురి బిడ్డని బుట్టలో ఎలా వేస్తారే? కొంగు కింద పెట్టుకుని తెచ్చాను."

"ఎక్కడ?"

"పెరట్లో, కుళాయి అవతలి మూల పాతిపెట్టాను."

"నన్ను వేడినీళ్ళు పొయ్యనిచ్చేదానివి కాదు ఆ మూల."

"కాలుతుందని."

"దేవుడా."

"వానొస్తే రేకు కప్పేదాన్ని. గుర్తుందా? చెట్టూ చేమా లేని మూల రేకెందుకని మీ నాన్న వేళాకోళం చేసేవారు."

"ఇల్లు మారదాం, మా దగ్గరికి వచ్చెయ్యమని పెళ్ళయిన నాలుగేళ్ళ నుంచీ నేను బతిమాలుతుంటే..."

"దాన్ని ఒక్కదాన్నే వదిలేసి ఎలా రాను?"

"దాన్నా?"

"ఆడపిల్లనుకున్నాను. జుట్టు అంత పొడుగుంది గదా. పేరు కూడా పెట్టుకున్నాను. అడక్కు, చెప్పలేను. సందులోంచి కాలేజీ పిల్లలు పోతుంటే, ఈ పాటికి ఆ ఎత్తుండేది అనుకునేదాన్ని. ఒక్కోసారి అటు నుంచి ఏడుపు వినపడేది."

"పిల్లులమ్మా."

"పిల్లులే. ఇప్పుడు పిల్లులే. నిన్నటిదాకా కాదు."

"ఏడవకు. అసలు లేనిదానికోసం ఏడుస్తావా? ఇటు చూడు. నేనున్నాను గదా, ఇదిగో, నీ ఎదురుగానే ఉన్నాను. తాళంచెవి ఇవ్వు."

"ఇదిగో. అడుగున, పాత దుప్పటి మడతలో ఉంది. నువ్వే తియ్యి, నేను ముట్టుకోను."

"ఇదేనా? అమ్మా, కవరు అంటించింది అంటించినట్టే ఉంది!"

"నాకు సంతకం తప్ప చదవడం రాదు. చదవొచ్చినవాళ్ళకి చూపిస్తే వాళ్ళకి తెలిసిపోతుంది. డాక్టరుగారు చూడకముందే ఫైలుతో సహా తెచ్చేశాను. ఆ వారమే ఆయన బదిలీ అయి వెళ్ళిపోయారు. ఎవరూ అడగలేదు."

"ఉండు. ఇది ఆపరేషన్ చేసినాయన రాసింది. ఇది ల్యాబు కాగితం. రాత చూడు, కోడి గీరినట్టు. నేను కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేస్తున్నా నాకే కళ్ళజోడు కావాల్సొచ్చేలా ఉంది."

"మెల్లిగా చదువు. నాకర్థమయ్యేలా."

"కుడి అండాశయంలో తిత్తి. పన్నెండు సెంటీమీటర్లు. తొడిమ మూడు చుట్లు మెలి తిరిగి నల్లబడింది. అండాశయంతో సహా తీసివేశాం. ఇక్కడ ల్యాబుది. లోపల జుట్టు, కొవ్వు, చర్మం, ఒక పన్ను... పూర్తిగా ఎదిగిన కణాలు... చెడ్డ కణాలు లేవు. చెడ్డ కణాలు లేవు! మామూలు రకం! అమ్మా, మామూలు రకమే!"

"అంటే?"

"అంటే రేపు నాది మిగులుతుంది! డాక్టరమ్మ ఒలిచి తీసి వదిలేస్తుంది. ఉండు, ఉండు, ఫోటో తీసి పంపుతాను. ఆఁ, వెళ్ళింది."

"ఇంకేం రాసుంది?"

"ఇంకేముంది, ఎడమ అండాశయం బాగుంది అని. గర్భసంచి మామూలు సైజులో ఉంది. గర్భం లేదు."

"ఏమన్నావు?"

"గర్భం లేదు."

"అలా రాసుందా?"

"రాసుంది."

"ఎక్కడ? వేలు పెట్టి చూపించు."

"ఇదిగో. ఈ వరస."

"ఈ వరసా? ఇంతేనా? ఇంత చిన్నదా? పదిహేడేళ్ళు దుప్పటి మడతలో దాచుకున్నానే దీన్ని."

"ఉండు, డాక్టరమ్మ ఫోను. హలో మేడం! చూశారా? ఆఁ. ఆఁ. ఆపరేషన్ కాగితం కూడా పంపాను మేడం. అవునండీ, మా అమ్మ దగ్గర దొరికింది. భద్రంగా దాచింది. ఒలిచి తీసేస్తే చాలా? సంతకం అక్కర్లేదా? ఆఁ, తీసిన తిత్తిని మళ్ళీ ల్యాబుకి పంపిస్తారు, సరే. పిల్లలు? ఒక్క అండాశయమున్నా చాలా? చాలామందికి పుడతారా? థాంక్యూ మేడం. లేదు లేదు, ఏడవటం లేదు. అలాగే, రాత్రి నుంచి ఏమీ తీసుకోను. ఉంటాను."

"ఏమంది?"

"మీ అమ్మగారు చాలా మంచి పని చేశారు, ఇన్నేళ్ళు కాగితం దాచిపెట్టారు అంది."

"అయ్యో."

"నవ్వమ్మా. కొంచెం నవ్వు. నాకు నీ మీద అరికాలి మంట నెత్తికెక్కుతోంది, ఒప్పుకుంటాను. ఇంటికెళ్ళాక ఇంకా ఎక్కుతుందేమో. కానీ ఇప్పుడు కాదు. లే, మొహం కడుక్కో. రెండు జతల బట్టలు పెట్టుకో, నాతో వద్దువుగాని. రేపు నేను లేచేసరికి నువ్వు పక్కనుండాలి. ఆ రోజు లేచేసరికి ఎవరూ లేరు నాకు."

"నేను బయట వరండాలోనే ఉన్నాను."

"లోపలికి రాలేదుగా. ఒక నర్సమ్మ నోరు తడిపింది. మావయ్యేడీ అంటే తెలీదంది. భుజాన వేసుకుని తెచ్చినవాడు, కుట్లు విప్పేదాకానైనా ఉండొద్దూ? ఒక్కసారి తొంగిచూశాడా? ఆ కోపం నాకిప్పటికీ పోలేదు. ఉత్తరం ముక్క రాయలేదు. నా పెళ్ళికి నువ్వు కబురే పెట్టలేదు అనుకో."

"పెట్టలేదు."

"మావయ్య పోయాడని అచ్చాఫీసు వాళ్ళు ఫోన్ చేస్తే, రాంగ్ నంబరని పెట్టేశావు. నేను పక్కనే ఉన్నాను. ఎవరమ్మా అంటే, ఎవరో అన్నావు. ఎవరో వచ్చి చెబితే నెల తర్వాత తెలిసింది నాకు."

"బట్టలు ఎన్ని జతలన్నావు?"

"మాట మార్చకు. అమ్మా... బిడ్డే అనుకున్నావు, సరే. మరి ఎవరి బిడ్డ అనుకున్నావు?"

"పద, ఆరవుతుంది."

"ఇంకా నాలుగు కూడా కాలేదు. ఎవరి బిడ్డ అనుకున్నావు?"

"వదిలెయ్."

"నాన్న లారీ మీద ఇరవై రోజులకోసారి వచ్చేవాడు. ఇంట్లో ఇంకో మగాడు మావయ్యే. మావయ్యనా?"

"నన్నడక్కే."

"మావయ్యనా? ఆయనకి ఇరవై నాలుగేళ్ళు, నన్ను 'ఒరేయ్ పిడుగూ' అని పిలిచేవాడు. సైకిలెక్కించి వెనక సీటు పట్టుకుని సందు చివరిదాకా పరిగెత్తేవాడు. నేను పడితే నాకంటే ముందు తనే ఏడుపుమొహం పెట్టేవాడు. అంతకు మించి ఏ రోజూ ఏమీ లేదమ్మా. ఒక్క రోజూ లేదు. ఏ మగాడితోనూ లేదు. అసలు బిడ్డే లేదు గదా!"

"లేదు. ఇప్పుడు తెలిసింది."

"అందుకా గెంటేశావు? ఏ ఊళ్ళోనో అద్దెగదిలో ఒక్కడే చచ్చిపోయాడమ్మా ఆయన. పెళ్ళీ పెటాకులూ లేకుండా. చేతులారా పెంచిన తమ్ముణ్ణి అంతలా ఎలా అనుమానించావు?"

"నేను అనుమానించలేదే."

"మరి?"

"వాడి మీద నాకు కలలో కూడా అనుమానం రాలేదు. ట్రే చూపించినప్పుడు వాడు నా పక్కనే ఉన్నాడు. వాడూ చూశాడు. నాలాగే వాడూ అదేననుకున్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. మీ నాన్న వచ్చేలోపల ఎవడో తేలాలి, తెలివి వచ్చినా రాకపోయినా నీ జుట్టు పట్టుకుని లేపి అడగాలి అని, నిన్ను వార్డులోకి తేగానే అటు పరిగెత్తాను. వాడు నాకంటే ముందు పరిగెత్తి, తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు."

"ఏమన్నాడు?"

"'కుట్లు పచ్చిగా ఉన్నాయి, దాన్ని ముట్టుకోకు. దాన్నేమీ అడక్కు అక్కా, చేసింది నేనే' అన్నాడు."